డిప్ప కాదు, లోతు

మాది అంతర్వేదండి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, సరుగుడు తోటల ముందున్న ఇసుకలో 1980లో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చాను. ఇందిరమ్మ మళ్ళీ గద్దెక్కిన ఏడు. పుస్తకాల్లో మా జాతి పేరు ఆలివ్ రిడ్లే. ఇక్కడి వాళ్ళకి ఉత్త సముద్రపు తాబేలు. నరసింహస్వామి కల్యాణానికి వచ్చిన భక్తులు చూస్తే కూర్మావతారమని దణ్ణం పెడతారు, కుక్కలు చూస్తే గుడ్లు తవ్వుకు తింటాయి. రెండు మర్యాదలకీ అలవాటు పడ్డాను.

చాలామందికి తెలియని సంగతొకటి చెబుతాను. చెరువు తాబేలు తలా కాళ్ళూ డిప్పలోకి లాక్కుంటుంది, మేం లాక్కోలేం. మా డిప్ప ఈదడానికి పనికొస్తుంది గాని దాక్కోవడానికి కాదు. మాకు రక్షణ లోతే. అణ్వాయుధాలు పెట్టుకున్న దేశాలకి ఈ తేడా తెలిసిరావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

మాలో తల్లీ కూతుళ్ళకి పరిచయం ఉండదు. అందుకే పాత సంగతులు మా అమ్మ చెప్పినవి కావు, వలలు బాగుచేసుకుంటూ ముసలాళ్ళు చెప్పుకుంటుంటే విన్నవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఓడల మీద నుంచి ఎగిరి వచ్చాయవి. ఆ రోజుల్లో ఆకాశం కేసి చూడటమే భయం. మూడేళ్ళకి హిరోషిమా మీద పడిన అణుబాంబునీ మోసుకెళ్ళింది విమానమే. మొదట్లో ఆ బాంబులు మోయడానికి మరో దారి లేదు కూడా.

తరవాత అమెరికా బి-52 బాంబర్లకి హైడ్రోజన్ బాంబులు కట్టి 1960ల్లో పగలూ రాత్రీ ఆకాశంలో తిప్పింది. నేల మీద ఉంటే శత్రువు ఒక్క దెబ్బకి తుడిచిపెట్టేస్తాడని భయం. కానీ ఆకాశంలో ఉన్నదేదైనా పడుతుంది కదండీ. 1966 జనవరిలో స్పెయిన్‌లోని పలోమారెస్ ఊరి మీద ఒక బి-52, దానికి ఇంధనం నింపుతున్న విమానం గుద్దుకున్నాయి. నాలుగు బాంబుల్లో మూడు నేల మీద పడ్డాయి, నాలుగోది సముద్రంలో. అది ఎక్కడ మునిగిందో చూసి చెప్పినవాడు ఒక జాలరి. నెలల తరబడి వెతికి పైకి తీశారు. రెండేళ్ళకి గ్రీన్లాండులోని తూలే దగ్గర మంచు మీద ఇంకో బి-52 కూలాక ఆ గస్తీ మానేశారు.

అప్పటికే బాంబరుకి రోజులు దగ్గరపడ్డాయి. 1960 మే 1న సోవియట్లు తమ మీద చాలా ఎత్తున ఎగురుతున్న అమెరికా యు-2 గూఢచారి విమానాన్ని క్షిపణితో కూల్చారు. ఎత్తున ఎగిరితే చాలన్న ధీమా అక్కడితో పోయింది. బాంబరు గంటల తరబడి ఎగరాలి, ఖండం దాటే క్షిపణికి అరగంట చాలు. సరే, క్షిపణులే నయమని నేలలో గోతులు తవ్వి కాంక్రీటు మూతలు వేసి నిలబెట్టారు. అది చెరువు తాబేలు పద్ధతి. డిప్ప ఎంత గట్టిదైనా అది ఎక్కడుందో శత్రువుకి తెలుసు. అదే ఏడు నవంబరులో అమెరికా ‘జార్జ్ వాషింగ్టన్’ జలాంతర్గామి పదహారు పొలారిస్ క్షిపణులతో మొదటి గస్తీకి నీళ్ళలోకి దిగింది. అది మా పద్ధతి. 1969 నాటికి బ్రిటన్ కూడా తన అణుభారాన్ని వైమానిక దళం భుజం మీద నుంచి నౌకాదళానికి మార్చేసింది.

మన దేశంలోనూ వరస ఇదే. మొదట మిరాజ్‌ల వంటి యుద్ధవిమానాలు. తరవాత హైదరాబాదు ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న పృథ్వి, అగ్ని క్షిపణులు. 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి అగ్ని మొదటిసారి ఎగిరింది. 2003లో ప్రభుత్వం ఒక మాట ప్రకటించింది: మేం ముందుగా అణ్వాయుధం వాడం, మామీద వాడితే మాత్రం ఊరుకోం. ముందు కొట్టనన్నవాడికి మొదటి దెబ్బ తిన్నాక కూడా చెయ్యి మిగలాలి. ఆ చెయ్యి విమానాశ్రయంలో ఉంటే మిగలదు, గోతిలో ఉంటే అనుమానం. కాబట్టే జలాంతర్గామి, కాబట్టే మా విశాఖ.

విశాఖలో బీచి రోడ్డు మీద ‘కురుసుర’ని చూసే ఉంటారు, ఇప్పుడది మ్యూజియం. ఆవిడంటే నాకు మనసులో చుట్టరికం. డీజిల్ జలాంతర్గామి, నీళ్ళ కింద బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీలు నింపుకోవాలంటే ఇంజన్లు వెయ్యాలి, ఇంజన్లకి గాలి కావాలి. అంటే పైకి రావాలి, కనీసం ఒక గొట్టమైనా బయట పెట్టాలి. నాకూ ఊపిరి గాలిదే. పడుకుంటే గంటలు ఉండగలను గాని ఎప్పటికైనా తల పైకెత్తాల్సిందే. పైకొచ్చినప్పుడే ఇద్దరం దొరికిపోతాం, నేను పడవ ప్రొపెల్లరుకి, ఆవిడ రాడారుకి.

ఆ బాధ లేనిది ‘అరిహంత్’. 2009 జూలై 26న విశాఖలో ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో, ఆయన భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి దాన్ని నీళ్ళలోకి దింపారు. ఆ కాయ కోనసీమదే అయ్యుంటుందని నా గీర! 83 మెగావాట్ల అణు రియాక్టరు దానికి గుండెకాయ, నిప్పుకి గాలి అక్కర్లేదు. తిండి సరుకు ఉన్నన్నాళ్ళూ కిందే ఉండొచ్చు. దింపింది పండగలా గాని, 2016లో నౌకాదళంలో చేర్చుకున్నది చడీచప్పుడు లేకుండా. మొదటి గస్తీ పూర్తి చేసిందని 2018 నవంబరులో ప్రధాని మోదీ చెబితేనే లోకానికి తెలిసింది.

మా బంగాళాఖాతం దాక్కోవడానికి మంచి చోటండి. గోదావరీ కృష్ణా గంగా తెచ్చిపోసే తీపినీళ్ళు పైన పల్చటి పొరగా పరుచుకుంటాయి, కింద ఉప్పటి చల్లటి నీళ్ళు. పొర మారే చోట శబ్దం వంగిపోతుంది, పైనుంచి వెతికే సోనారు తడబడుతుంది. మొదట ‘అరిహంత్’ దగ్గరున్న కె-15 క్షిపణులు 750 కిలోమీటర్లే వెళ్ళేవి, వాటితో కొట్టాలంటే శత్రువు గుమ్మం దాకా పోవాలి. కె-4 అలా కాదు, 3,500 కిలోమీటర్లు. 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరిన ‘అరిహంత్’ చెల్లెలు ‘అరిఘాత్’, నవంబరు 27న నీళ్ళ కింద నుంచి ఆ క్షిపణిని వదిలింది. ఇక మా పెరటిలోంచి కదలక్కర్లేదు.

అంతా బాగానే ఉంది గాని నాకో సందేహం. బాంబరుని సగం దారిలోంచి వెనక్కి పిలవొచ్చు. వదిలిన క్షిపణిని పిలవలేం. పైగా నీళ్ళ కిందున్నవాడికి కబురు చేరడమే కష్టం. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో కొద్ది అడుగులు కూడా దిగవు. అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కొంత లోతుకి దిగుతాయి, అందుకు కొండంత యాంటెన్నాలు కావాలి. తమిళనాడులో ఒకటుంది. రెండోదానికి 2024 అక్టోబరు 15న సముద్రమే లేని తెలంగాణలో, వికారాబాద్ దామగుండం అడవిలో శంకుస్థాపన చేశారు. అడవి పోతుందని ఊళ్ళవాళ్ళు వద్దన్నారు. జలాంతర్గామి ఆ కబురు వినగలదు గాని, పైకి జవాబు చెబితే ఎక్కడుందో బయటపడిపోతుంది. ప్రాణం అంతా దాక్కోవడంలో ఉన్నవాడికి మాట్లాడే స్వేచ్ఛ ఉండదు. దాని చేతిలోనే ఊళ్ళకి ఊళ్ళు ఆరిపోయే సామాను పెట్టడం తెలివో ధైర్యమో నాకు తెగడం లేదు.

పరీక్షలప్పుడు మా ఒడ్డున వినబడేది వేరు. “రేపెల్లుండి ఏటకెల్లొద్దంట మావా, మిసైలు ఏత్తారంట.” “మరి డీజిలుకి తెచ్చిన అప్పో?” ఆ ప్రశ్నకి ఏ సిద్ధాంతంలోనూ సమాధానం చూడలేదు.

మాకు మాత్రం ఒడిశాలో కాస్త గౌరవం దక్కింది. అబ్దుల్ కలాం ద్వీపం మా గహిర్‌మఠ గుడ్ల రేవుకి దగ్గర. అక్కడి దీపాలకి పిల్లలు దారి తప్పుతాయి. 2024 డిసెంబరులో, గుడ్లు పెట్టే కాలంలో జనవరి నుంచి మార్చి దాకా అక్కడ పరీక్షలు ఆపాలని నిర్ణయించారు. క్షిపణులే మాకోసం ఆగాయంటే తక్కువ మాటా! అయితే మిసైలు తగిలి పోయిన తాబేలు సంగతి నేను ఇంతవరకూ వినలేదు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ట్రాలర్ల వలల్లో ఊపిరాడక పోయినవాళ్ళే. మా ఆంధ్ర తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి మా గుడ్ల కాలం చాలావరకు అయిపోతుంది.