మూతనైన డాలును

డాలుగా పుట్టినదానికి యుద్ధంలో పగిలిపోయే యోగమైనా ఉండాలి. నాకు అదీ లేదు. మజ్జిగ పీపా మీద మూతగా మగ్గాను.

మాది స్కాట్లాండ్ కొండసీమ. రెండు వరసల చెక్కలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చి, పైన ఆవుతోలు బిగించి, ఇత్తడి మేకులు దిగ్గొట్టారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు అర మీటరు ఉంటానేమో. నన్ను ఎడమచేతికి తొడుక్కుని, కుడిచేత కత్తి దూసి మావాడు ఉరికితే, ఎదుటివాడి బాయ్‌నెట్ ముందు నాలోనే దిగేది. ఆ గాట్లే నా నగలు.

1746 ఏప్రిల్ 16న మా సీమలోని కలోడెన్ మైదానంలో మావాళ్ల మీద ప్రభుత్వ సేనల ఫిరంగులు పేలాయి. వాటి ముందు తోలూ చెక్కా ఏపాటి? మావాళ్లు ఓడిపోయారు. ఆ ఏడాదే కొండవాళ్ల ఆయుధాల మీద చట్టం మరింత బిగిసింది. దాచుకుంటే శిక్ష. పారేయడానికి మనసొప్పలేదో, చెక్క దండగవుతుందనో, నన్ను పీపా మీద బోర్లించారు. ఇత్తడి మేకుల సందుల్లో మీగడ ఎండి పులిసేది. ఒకప్పుడు వారానికోసారి నా తోలుకు కొవ్వు పట్టించిన చేతులే ఇప్పుడు తడిగుడ్డతో ఓ విసురు విసిరి పోయేవి. పిల్లి మాత్రం శ్రద్ధగా నాకేది, పాపం.

ఇది నా ఒక్కదాని గతి కాదు. 1773లో ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్‌తో కలిసి ఆ కొండలు తిరిగిన జేమ్స్ బాస్వెల్, డాళ్లు కనబడటమే అరుదైందనీ, మజ్జిగ పీపాలకు మూతలయ్యాయనీ తన యాత్రా గ్రంథంలో రాశాడు.

ఇంతకీ నా పేరు చెప్పలేదు కదూ. ఫ్రెంచివాళ్లు డాలును టార్జ్ అనేవారు. చిన్న డాలు కనుక ఆ పేరుకో తోక తగిలించారు. ఆ తోకతో ఇంగ్లీషులోకి వచ్చి టార్గెట్‌నయ్యాను. నేను కొండల్లో ఇలా పులుస్తుంటే, అదే 18వ శతాబ్దంలో గురి చూసి కొట్టే గుండ్రటి గుర్తుకు నా పేరు అంటగట్టారు. గుండ్రంగా ఉండటమే నా నేరం! దెబ్బ కాచేదాన్ని కాస్తా దెబ్బ కొట్టించుకునేదాన్నయ్యాను. 20వ శతాబ్దానికి అదీ చాలక, సాధించి తీరాల్సిన అంకెనయ్యాను.

ఇప్పుడు మీ తెలుగునాట ఏ ఆఫీసులో చూసినా నేనే. నెలాఖరులో సేల్స్ కుర్రాళ్లు నన్ను తిట్టుకోని రోజుండదు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, భరిస్తాను. కానీ టీవీలో నాయకులు "నన్నే టార్గెట్ చేస్తున్నారు" అని వాపోతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. నాయనా, మా కాలంలో టార్గెట్ చేతికి దొరికినవాడు గుండె నిబ్బరంతో ముందుకురికేవాడు. ఏడ్చేవాడు కాదు.