కాక్‌పిట్‌లో కాపురం

పాత్రలు:
రివెట్ల బావ: అసలు విమానంలో ఉన్నదేదీ తన బొమ్మలో లేకపోతే నిద్రపట్టని మనిషి.
డబ్బా బామ్మర్ది: డబ్బాలో ఏది వస్తే అది అతికించి, చేతులు దులుపుకునే రకం.
అక్క: ఇద్దరినీ భరించే ఇల్లాలు.

(భోజనాల బల్ల మీద 1/48 స్కేలు మిగ్-21 కిట్. అన్నం గిన్నె పెట్టడానికి చోటు లేదు.)

బామ్మర్ది: ఏం బావా, ఇంకా కాక్‌పిట్‌లోనే కాపురమా?

బావ: రాత్రే బాడీ రెండు సగాలూ అతికించేశానురా. రా, ఈ టార్చి పట్టుకుని లోపలికి చూడు. ఏం కనబడుతోంది?

బామ్మర్ది: చీకటి.

బావ: ఇంకాస్త వంగు. సీటు బెల్టులు కనబడలేదూ? మాస్కింగ్ టేపుని 1 మిల్లీమీటరు వెడల్పున కోసి వేశాను. 48తో హెచ్చిస్తే అసలు బెల్టుకి దగ్గరగా వస్తుంది. బకిల్స్ మాత్రం పాత వైరులోని రాగిపోగు వంచి చేసినవి.

అక్క: పాత వైరు కాదురా, ఇస్త్రీపెట్టె వైరు. వారం నుంచీ మీ బావ నలిగిన చొక్కాతోనే ఆఫీసుకి వెళ్తున్నారు.

బామ్మర్ది: లోపల పైలటే లేడు కదా, బెల్టులెవరికి?

బావ: పైలట్ దిగి టీ తాగడానికి వెళ్లాడనుకో. బెల్టులు కూడా ఊడబెరుక్కుని పోతాడా? సరే, డయళ్లు చూడు. ఒక్కోదాని మీద సూదిమొనతో వార్నిష్ చుక్క పెట్టాను. ఎండితే అచ్చం గాజుబిళ్లే. ప్యానెల్ మధ్యలో నిలువునా తెల్లగీత ఉంది, ఎందుకో తెలుసా?

బామ్మర్ది: రంగు ఒలికిందేమో అనుకున్నా.

బావ: ఛీ! విమానం స్పిన్‌లో పడి గింగిరాలు కొడుతుంటే పైలట్‌కి దిక్కు తోచదు. అప్పుడు స్టిక్‌ని ఆ గీతకి సూటిగా, నడిమధ్యకి తెచ్చుకోవాలి. అందుకే మిగ్-21 ప్యానెల్ మీద ఆ గీత.

అక్క: అలాంటి గీత ఒకటి మన గోడ మీద కూడా గీయండి. నెల జీతం గింగిరాలు కొడుతున్నప్పుడు చూసుకుందాం.

బామ్మర్ది: నాకీ తంటాలన్నీ లేవు బావా. శనివారం డబ్బా విప్పాను, ఆదివారం సాయంత్రానికి షోకేసులో పెట్టాను.

బావ: చూశాను నాయనా! కానపీ మీద జిగురంటిన నీ బొటనవేలి ముద్ర కూడా చూశాను. స్కేలు లెక్కన అది దాదాపు మీటరు వెడల్పు. ఏ పోలీసూ అంత వేలిముద్ర చూసి ఉండడు. రెక్క మీద డెకాల్ కింద గాలి దూరి, మూడు రంగుల చక్రం చుట్టూ వెండి జరీ అంచు వచ్చింది. ఇక చక్రాల గూటి తలుపుల మందమంటావా, ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంటే అసలులో 7 సెంటీమీటర్ల పైమాటే. అది విమానమా, బంకరా?

బామ్మర్ది: లెక్కలు నాకూ వచ్చు. సీటు పక్కరేకులు ఏ షీటుతో కోశారు?

బావ: పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు.

బామ్మర్ది: 48తో హెచ్చించండి. 12 మిల్లీమీటర్లు! అసలు సీటు రేకు అంత దళసరిగా ఉంటుందా? నాది పెద్ద అబద్ధమైతే మీది చిన్న అబద్ధం, అంతే తేడా.

బావ: పిచ్చివాడా, కంటికి ఆనేది అంచే. అంచు ఒక్కటీ గరుకు కాగితంతో ఏటవాలుగా అరగదీస్తే రేకు మొత్తం పల్చగా ఉందనిపిస్తుంది. ఈ పనిలో కిటుకంతా అక్కడే ఉంది. చక్రాల గూట్లో ఈ గొట్టాలు చూడు. ముక్కలు విరవగా మిగిలిన స్ప్రూ కాడలే. కొవ్వొత్తి సెగకి కాస్త ఎత్తుగా పట్టుకుని తిప్పుతూ ఉండాలి. మెత్తబడి వాలగానే పక్కకి తీసి రెండు వైపులా లాగాలి. నెమ్మదిగా లాగితే గొట్టం, గబుక్కున లాగితే వెంట్రుక.

అక్క: మధ్యలో ఫోను మోగితే టేబుల్ క్లాత్‌కి చిల్లు. అవునూ, ఈ గొట్టాలు ఎవరికి కనబడతాయండీ?

బావ: తిరగేస్తే కనబడతాయి.

అక్క: చుట్టం వచ్చిన ప్రతిసారీ విమానం తిరగేసి, టార్చి చేతికిస్తారా?

బావ: ఎవరికీ కనబడకపోతే ఏం? ఉన్నట్టు నాకు తెలుసుగా!

బామ్మర్ది: అది తెలుసుకుంటూ కూర్చుంటే అటక మీది డబ్బాల గతేమిటి? ఈ మిగ్-21 మన వైమానిక దళంలో 1963లో చేరింది. నాసిక్‌లో తయారైంది, యుద్ధాలు చేసింది, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరైంది. మీది మాత్రం ఇంకా బల్ల దిగలేదు.

బావ: దిగుతుంది, చూస్తూ ఉండు. మూడు చక్రాలూ రాత్రే బిగించాను. ఇదిగో, నిలబెడుతున్నా...

(విమానం తోక మీద కూలబడుతుంది. ముక్కు పైకి లేస్తుంది.)

అక్క: అయ్యో, మీ విమానం ఎక్కడికండీ, చంద్రుడి మీదికా?

బామ్మర్ది: బావా, ముక్కులో బరువు పెట్టారా?

(మౌనం.)

అక్క: డబ్బాలో వచ్చిన కాగితం మొదటి పేజీలోనే ఉంది. బొమ్మ వేసి మరీ చెప్పాడు. నేను చదివాను.

బావ: చదివిందానివి చెప్పొద్దూ?

అక్క: బెల్టుల్లో తలమునకలుగా ఉన్నారు, పలకరిస్తే కసురుకున్నారు. ఇప్పుడేం మించిపోలేదు. ఆ ముందున్న శంకువు ఊడబెరికి, సీసం గుళ్లు కూరి, మళ్లీ అతికించండి. ఒరేయ్, నువ్వు నవ్వకు! ఇంటికెళ్లి ఆ వేలిముద్ర పాలిష్ చేసుకో. ఇద్దరికీ ఒకటే చెబుతున్నా. గూట్లో గొట్టాలు పెట్టుకుంటారో, డబ్బాలో ఉన్నవే అతికిస్తారో మీ ఇష్టం. కానీ ఎవరు చేసినా విమానం మూడు చక్రాల మీద నిలబడాలి. అది కాస్తా అయ్యాకే రివెట్ల సంగతి. ఇక బల్ల ఖాళీ చేయండి, అన్నం చల్లారిపోతోంది.