మూతిమరల మహాశయుడు

అమెరికా దేశమున, ముఖ్యముగా ఒహాయో, ఇండియానా రాష్ట్రముల చిన్న పట్టణములలో, కారు నిలుపుటకై కట్టించిన గరాజునందు కారునకు దక్క తక్కిన సమస్త వస్తువులకును చోటిచ్చి, ఆ కారును మంచునకును వానకును వీధిలో వదలి, లోపల ఒక పాత సౌత్ బెండ్ లేతును కులదైవమువలె ప్రతిష్ఠించుకొని, దాని సన్నిధిని సాయంకాలములు గడపు గృహస్థు డొకడు తప్పక కానవచ్చును. పగటివేళ అతడు బీమా గుమాస్తాయో, బడిలో లెక్కల మాస్టరో కావచ్చును. ఆ సంగతి యెత్తిన ముభావము వహించును. రైఫిలు గొట్టపు మూతికి మరలు దీయుటకే తాను జన్మించితినని అతని దృఢవిశ్వాసము.

మూతికి మరలున్నచో దానికి మజిల్ బ్రేకును బిగింపవచ్చును. తూటావెంట వెలువడు వాయువులను ఆ బ్రేకు పక్కలకు మళ్లించుటచేత, తుపాకి భుజమును వెనుకకు తన్నుట తగ్గును. ప్రయోజన మింతే. కాని మహాశయుని నోట నిది రెండు గంటలకుగాని ముగియదు. సన్నపు .22 గొట్టమునకు అర అంగుళపు వ్యాసమున అంగుళమునకు 28 మరలనియు, .30 తరగతి గొట్టములకు అంగుళములో ఎనిమిదింట అయిదు వంతుల వ్యాసమున 24 మరలనియు ఆరంభించి, 1841లో ఇంగ్లండున విట్‌వర్త్ దొర మరకు 55 డిగ్రీల కోణమును విధించుటయు, 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీలైనచో పనివానికి సులువని వాదించి నెగ్గుటయు వర్ణించి, అటనుండి మాక్సిముల వంశచరిత్రకు దిగును. తండ్రి హైరం మాక్సిము మరతుపాకిని కల్పించి దాని మోతకు తన వినికిడినే బలియిచ్చెనట. కుమారుడు హైరం పెర్సీ 1909లో తుపాకి మోత నణచు సాధనమునకు పేటెంటు పొందెనట. పితృఋణము తీర్చుకొను మార్గములలో నిదియు నొకటి కాబోలు!

పని యారంభమైన పిమ్మట మాత్రము మహాశయుడు మాటాడడు. గొట్టపు పైభాగమును లోరంధ్రమును ఏకకేంద్రములని నమ్మినవాడు చెడినాడని అతని ప్రథమసూత్రము. పైరూపము మాయ, లోరంధ్రమే సత్యము. కావున గొట్టమును నాలుగు దవడల చక్కులో బిగించి, రంధ్రమునకు డయల్ గేజి నానించి, చక్కును చేతితో మెల్లమెల్లగా త్రిప్పుచు, ముల్లు ఎటు చలించిన నటు ఒక దవడను సడలించి ఎదుటి దవడను బిగించుచు, వెయ్యోవంతు అంగుళములో సగము తేడాకై అర్ధరాత్రి దాక పోరాడును. తలవెండ్రుక మందమే ఇంచుమించు మూడు వెయ్యోవంతులుండును గదా యని యెవరైన నన్నచో, అట్టివారికి కుర్చీ చూపుట మానును. ఇల్లాలు భోజనమునకు పిలువవచ్చి తలుపు గట్టిగా వేసెనా, ముల్లు కదలెనని ఆమెవంక ఋషివలె చూచును. ఆమె యిప్పుడు పిలుచుట మానినది. పళ్లెమును మెట్టుపై నుంచి పోవును.

చేతి డైతో మరలు దీయువారన్న నతనికి పరమ జుగుప్స. మరలు వంకరపోయినచో తూటా పోవుచు పోవుచు బ్రేకు లోపలి అంచును రాచుకొనును, ఒక్కొక్కప్పుడు దానిని చీల్చును. ఈ భయ మకారణము కాదని నేను నొప్పుకొందును. కాని ఆ డై వాడినవాని కుమార్తె పెండ్లికి సైతము పోకుండుట నాకు సబబుగా తోచలేదు.

మెట్రిక్ కొలత లతనికి స్వాభిమానభంగము. పెక్కు ఏకే తుపాకుల మూతికి 14 మిల్లీమీటర్ల వ్యాసమున, మిల్లీమీటరు కొక్కటి చొప్పున, అదియును ఎడమచేతివాటపు మరలు! అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లగుటచే, అంగుళముల లేతుపై వానిని సరిగా దీయుటకు 127 పండ్ల చక్రము కావలెను. ఆ చక్రమును సంపాదించి, ఒక్కసారియైన వాడక, మఖమలు గుడ్డలో చుట్టి అతిథులకు చూపును. అతనికి తుపాకి నెపమాత్రమని నాకప్పుడే తెలిసినది. పిల్లనగ్రోవికి మరలు కావలసియుండిన దానికే దీసియుండెడివాడు.

ఎట్టకేలకు మరలు పూర్తియై, బ్రేకు బిగిసి, మహాశయుడు గురిమైదానమునకు వేంచేసెను. మొదటి తూటా పేలినది. భుజమునకు తాకిడి నిజముగానే తగ్గినది; ఆ తగ్గిన దంతయు వాయురూపమున, శబ్దరూపమున, ప్రక్కబల్ల పెద్దమనిషికి సంక్రమించినది. ఆయన టోపీ ఎగిరి గడ్డిలో పడెను. ఆయన చెవికప్పులపై మరల చేతులు మూసికొని, తన సరంజామా సర్దుకొని, మైదానపు అవతలికొసకు మౌనముగా తరలిపోయెను.

“చూచితిరా, భుజమునకు తగిలినట్లే లేదు!” అని మహాశయుడు నావైపు తిరిగెను. నేను చెవిలో వ్రేలుంచుకొని తలయూపితిని.

అయిదు తూటాలతో తృప్తుడై, బ్రేకును విప్పి, మరలకు దుమ్ము సోకకుండ కొట్టున కొన్న చిన్న మూతను బిగింపబోయి, ఒకటి రెండు చుట్లు త్రిప్పి, ఆగి, మరల విప్పి, వెలుతురున కెత్తి చూచెను.

“వదులు,” అనెను. “సగము వెయ్యోవంతు వదులు. దీనిని నేనే చేసికొనవలెను.”