రాడ్డు కురచ, నమ్మకం పొడుగు

మస్టాంగ్ కారు కొన్నవాడికి రెండే శుభకార్యాలు. బండి ఇంటికి రావడం ఒకటి, దాని గేర్ రాడ్డు పీకేసి పొట్టి రాడ్డు బిగించడం రెండోది. షార్ట్ త్రో షిఫ్టర్ అంటారు దాన్ని. వందల డాలర్లు పోస్తే చెయ్యి కదలాల్సిన దూరం తగ్గుతుంది. దాంతోపాటు గేర్‌బాక్స్ రోగాలన్నీ కుదిరిపోతాయట!

రోగం లేదని నేననను. 2011 మోడల్ మస్టాంగ్ జీటీకి 412 హార్స్‌పవర్ వీ8 ఇంజన్ ఇచ్చిన ఫోర్డ్, దాని వెనకాల ఎంటీ-82 అనే ఆరు గేర్ల బాక్సు తగిలించింది. గెట్రాగ్ కంపెనీ డిజైన్, చైనా తయారీ. సెకండ్ గేరు పడనని మొరాయిస్తోందని ఫిర్యాదులు మోగాయి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఆరా తీసి, రీకాల్ ఊసెత్తకుండా ఫైలు మూసేసింది. ఆ రోజుల్లోనే ఖరీదైన షెల్బీ జీటీ500కి మాత్రం ట్రెమెక్ కంపెనీ వాళ్ల టీఆర్-6060 బాక్సు దక్కింది. పెద్ద కోడలికి పట్టుచీర, చిన్న కోడలికి నూలుచీర.

సరే, రోగం బాక్సులో ఉంది. మందు రాడ్డుకి రాస్తున్నాం.

బాక్సు లోపల సింక్రో రింగు గేరుకి ఒరుసుకుని, రెండింటి వేగాలూ కలిసేదాకా గేరుని పట్టే స్లీవుని ముందుకి పోనివ్వదు. పైన రాడ్డు జానెడున్నా బెత్తెడున్నా, కింద ఆ స్లీవుని తోసే ఫోర్కు జరగాల్సిన దూరం వెంట్రుకవాసి మారదు. మారేది చేతి శ్రమే. గునపంతో రాయి లేపినవాడికి తెలిసిన లెక్క ఇది: పైన దూరం సగమైతే బలం రెట్టింపు కావాలి. ఆ బిగుతుకే మనవాడు 'అబ్బ, ఎంత టైట్‌గా పడుతోందో!' అని మురిసిపోయి, ఇంకాస్త గట్టిగా గుద్దుతాడు. రింగు ఇంకాస్త అరుగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. పైగా రాడ్డు నెత్తిన బరువైన ఉక్కు గుండు ఒకటి! దాని ఊపుకి గేరు మెత్తగా పడినట్టుంటుంది. నొప్పి తగ్గలేదు, తెలియడం మానేసింది.

ఒక్క మాట ఒప్పుకుంటాను. ఎంటీ-82లో షిఫ్టర్ వెనక కొసని బండి బాడీకి రబ్బరు బుష్‌తో బిగించారు. ఇంజన్ మెలితిరిగితే బాక్సు ఒక పక్కకి, రాడ్డు ఇంకో పక్కకి లాగుతాయి. ఆ బుష్ స్థానంలో గట్టిది వేస్తే ఫలితం ఉంటుంది. కానీ అది బండి కింద దాక్కునే సరుకు. పార్కింగ్‌లో ఎవరికి చూపించాలి?

కార్డు గీకే ముందు రెండే రెండు ప్రశ్నలు నాయనా. గేర్‌బాక్స్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు? గేరు వేసేటప్పుడు క్లచ్ నేలదాకా తొక్కుతున్నావా?