పేరు నాది, పేరొచ్చింది వాడికి

నేను అద్దె బాక్సుని. టీవీ పక్కన ముద్దుగా కూర్చునే రకాన్ని కాదు. కింద 15 అంగుళాల బేసు స్పీకరు, పైన హారను, చుట్టూ గీతలు పడిన నల్లరంగు ప్లైవుడ్డు. నరసరావుపేట పల్నాడు రోడ్డులోని గోడౌన్లో ఉంటాను. పెళ్ళి ఊరేగింపులు, వినాయక నిమజ్జనాలు, ఎలక్షన్ ప్రచారాలు అన్నీ చూశాను. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ కింద నిలబెడితే, పక్క ప్రభ బాక్సులూ నేనూ తెల్లార్లూ పోటీపడి అరుస్తాం. ఎవరి పాటా ఎవరికీ వినపడదు. జనం కూడా అందుకే వస్తారనుకుంటా.

ఇన్ని పాటలు మోసినా, నా పేరు పెట్టుకున్న ఆల్బమ్ ఒకటుందని మా ఆపరేటర్ కుర్రాడు పెన్‌డ్రైవ్ గుచ్చేదాకా నాకు తెలీదు. అవుట్‌కాస్ట్ అనే అట్లాంటా జంట 2003 సెప్టెంబరులో తెచ్చిన రెండు డిస్కుల జోడీ అది. మొదటిది 'స్పీకర్‌బాక్స్', రెండోది 'ది లవ్ బిలో'. మొదటిది బిగ్ బోయ్‌ది, రెండోది ఆండ్రే 3000ది. హైస్కూలు నాటి స్నేహితులు. ఇద్దరూ కలిసి పాడి పైకొచ్చినవాళ్ళు, ఈసారి ఎవరి డిస్కు వాళ్ళు చేసుకుని ఒకే అట్టపెట్టెలో పెట్టారు. అన్నదమ్ములు వేరుపడ్డా వీధి గుమ్మం ఒకటే ఉంచుకున్నట్టు.

వీళ్ళని మొదట్లో ఎవరూ లెక్కచెయ్యలేదు. అప్పట్లో ర్యాప్ అంటే న్యూయార్క్, లేదంటే లాస్ ఏంజలెస్. 1995లో న్యూయార్క్‌లో 'సోర్స్' పత్రిక అవార్డు అందుకోడానికి వేదికెక్కితే జనం ఈలలేసి గోల చేశారు. దక్షిణాది యాసలో ర్యాపేందని వాళ్ళ ఎకసెక్కం. పల్నాడు అనగానే తెరమీద నాటుబాంబులే చూపించే సినిమాలకు పాటలు మోసినదాన్ని, ఆ మంట నాకు తెలుసు.

తొమ్మిదేళ్ళకి లెక్క తిరగబడింది. 2004 ఫిబ్రవరిలో గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ ఇదే. హిప్‌హాప్‌కి ఆ బహుమతి అంతకుముందు ఒక్క లారిన్ హిల్‌కే దక్కింది. అమెరికాలో అమ్మకాల లెక్క కోటి దాటి 'డైమండ్' గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడో మతలబుంది: రెండు డిస్కులు కదా, ఒక్కో సెట్టూ రెండుగా లెక్కకొస్తుంది. మా ఓనరు కూడా బిల్లులో నన్నూ నా స్టాండునీ విడివిడిగానే రాస్తాడు.

అందరి నోటా నానింది మాత్రం ఆండ్రే పాట 'హే యా'. తొమ్మిది వారాలు నంబర్ వన్. ఓ మధ్యాహ్నం కుర్రాడు దాన్ని పెట్టినప్పుడు, మా మేళంలో డప్పు కొట్టే తాత నా మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. నాలుగు, నాలుగు, నాలుగు... ఠక్కున ఆగాడు.

"ఒరే అబ్బాయ్, మధ్యలో రెండు దెబ్బలు మింగాడేందిరా వాడు?"

"మింగలా తాతా, కావాలనే అట్టా కట్టాడు."

తాత చెప్పింది నిజమే. మూడు నాలుగుల తర్వాత ఒక రెండు, మళ్ళీ రెండు నాలుగులు, మొత్తం 22 దెబ్బలు. చిందులేసేవాడికి పట్టుబడదు, వేళ్ళకి పట్టుబడుతుంది. పైకి పెళ్ళిపాటలా ఉంటుంది, లోపల నిలవని ప్రేమ గురించిన గుబులు. తాతకి ఇంగ్లీషు రాదు. "వీడు నవ్వుతా ఏడుస్తన్నాడు" అని బీడీ వెలిగించుకున్నాడు.

ఆ తర్వాత 'హే యా'ని దించి నంబర్ వన్‌లోకొచ్చింది ఎవరనుకున్నారు? బిగ్ బోయ్ పాట 'ది వే యు మూవ్'. వాళ్ళని వాళ్ళే దించారు! కానీ ఒక్క వారమే. విమర్శకులు ఆండ్రే ధైర్యాన్నే ఎక్కువ మెచ్చుకున్నారు: ర్యాపర్ అయ్యుండి ర్యాప్ దాదాపు మానేసి పాడాడని. రెండుంపావు గంటల సరుకు, కోసి ఒక్క డిస్కు చేయాల్సిందన్నవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే కత్తెర ఆండ్రే డిస్కుకే వెయ్యాలి. బిగ్ బోయ్ బేసు కొడితే నా గుండె అట్ట ముందుకొచ్చి వెనక్కెళ్తుంది, స్క్రూలు వదులవుతాయి. పక్షపాతమే, కాదనను.

2006 తర్వాత జంటగా ఇంకో ఆల్బమ్ రాలేదు. 2023లో ఆండ్రే ఒక్కడే 'న్యూ బ్లూ సన్' తెచ్చాడు. ర్యాప్ ఒక్క ముక్క లేదు, పిల్లనగ్రోవులు. మొన్న కుర్రాడు అది పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నా బేసు స్పీకరుకి పెద్దగా పన్లేదు. ఓనరు లోపలికొచ్చి చెవి పెట్టి విని, "కింద స్పీకర్ కాలిపోయిందేందిరా?" అంటూ స్క్రూడ్రైవర్ తీశాడు. కుర్రాడు గబగబా బిగ్ బోయ్‌ని పెట్టాడు.