షెడ్యూలు తప్పని కంప్యూటర్

హౌరా దగ్గర టికియాపారా లోకల్ రైళ్ళ కార్‌షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు మా నాన్నగారు. మిక్సీ అయినా, మనిషైనా, లోకల్ రైలు పెట్టయినా ఆయన లెక్కలో ఒకటే: వేళకి విప్పాలి, తుడవాలి, బిగించాలి. అటక మీంచి చిన్నాన్న పాత కంప్యూటర్ దించగానే అడిగారు: "దీనికి పి.ఓ.హెచ్. (పీరియాడిక్ ఓవర్‌హాల్) ఎప్పుడైందిరా?"

అది డీబీ స్పెక్ట్రమ్ ప్లస్. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లైసెన్సు తీసుకుని మన దేశంలో దించిన సరుకు. జెడ్80 ప్రాసెసరు, 48 కిలోబైట్ల మెమరీ. బావగారు తెల్లారకుండానే వాట్సాప్‌లో పంపే గులాబీల శుభోదయం ఇందులో పట్టదు. ఆ ఒక్క గుణానికే మా ఆవిడ దీన్ని ఇంట్లో ఉండనిచ్చింది.

మీటల కింద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని బోర్డుకి కలిపే తోకలు ఏళ్ళు గడిచేసరికి పెళుసెక్కి చిట్లుతాయి. ఒక్క గీత తెగితే అయిదు మీటలు కట్టకట్టుకుని పోతాయి. మాకు పోయినవి హెచ్, జె, కె, ఎల్, ఎంటర్. ఇందులో 'లోడ్' అనాలంటే జె నొక్కాలి, ఔననాలంటే ఎంటర్ నొక్కాలి. అంటే మా కంప్యూటర్ వెలుగుతుంది, ఏదీ పుచ్చుకోదు, దేనికీ ఒప్పుకోదు. కొన్ని ఆఫీసులు గుర్తొచ్చాయి.

కొత్త పొర తెప్పించాం. కెపాసిటర్ల కోసం నాన్నగారు కలకత్తా చాందినీ చౌక్ వెళ్ళి, సరుకు ఖరీదు కంటే ఎక్కువ బస్సు చార్జీ పెట్టి, బేరమాడి వచ్చారు. ఈలోగా తమ్ముడు రౌటర్ అడాప్టరు పట్టుకొచ్చాడు.

"వోల్టులు తొమ్మిదే కదా నాన్నా!"

"దీనికి పిన్ను మధ్యలో మైనస్ రా! నీ దాంట్లో ప్లస్. పెట్టావంటే దహనమే!"

లోపలి పాత మెమరీ చిప్పులకి అయిదు, పన్నెండు, మైనస్ అయిదు – ఈ మూడు రకాల వోల్టులూ కావాలి. మైనస్ అయిదు రాకపోతే చిప్పులు చస్తాయి. ఈ సంగతి తెలిశాక నాన్నగారికి యంత్రం మీద గౌరవం పెరిగింది.

ఇక ప్రోగ్రాములు ఎక్కించే క్యాసెట్లు. వానాకాలంలో టికియాపారా యార్డులో పట్టాలు మునిగి లోకళ్ళు ఆగుతాయి. ఇంట్లో ఆ చెమ్మకే టేపులకి బూజు పడుతుంది. దూదితో తుడిచి పెట్టాం. తెర అంచున ఎరుపూ నీలిపచ్చా చారలు, తర్వాత నీలం, పసుపు. కీచురాగం. 48 కిలోబైట్లు నిండడానికి నాలుగైదు నిమిషాలు. చివరి క్షణంలో 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్'. పక్కింటి బెంగాలీ దాదా గుమ్మంలోకి వచ్చి, కుక్కర్ పేలిందా అని అడిగి వెళ్ళాడు.

నాన్నగారు రిజిస్టరు తెరిచి తేదీ వేసి, "హెడ్ తుడవాలి" అని రాసుకున్నారు.

"ఇంతకీ ఇది పనిచేస్తే ఏం చేస్తుంది మావయ్యగారూ?" అంది మా ఆవిడ.

"అది ఆపరేటింగ్ వాళ్ళ తలనొప్పమ్మా. మనది మెయింటెనెన్స్."