చేయి వంచు చాలు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

చేయి వంచు చాలు శిరమును వంచకు
గాలి కెగసినపుడు కాళ్లు నాల్గు
సమముగాను దించు జాగ్రత్త నేలపై
నీరు కనిన బండి నిలుపవలదు

అవతారిక: ఈ పద్యకర్త మా వియ్యంకులు. స్థలం మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ నగరంలో మా అబ్బాయి ఇంటి హాలు. కాలం 2007 జనవరి. కోడలికి రెండో పురుడు. ఆడవాళ్లంతా పసిపిల్లతో గదిలో ఉన్నారు. బయట మంచు. ఏ పనికీ అక్కరకు రాని తాతలం ఇద్దరం, పదేళ్ల మనవడు టీవీ ముందు మిగిలాం. మనవడి దగ్గర ‘వీ’ అనే ఆట యంత్రం, ‘ఎక్సైట్ ట్రక్’ అనే ఆట ఉన్నాయి. ఈ రెండూ 2006 నవంబరు 19న అమెరికాలో ఒకేరోజు బజారుకొచ్చాయి. యంత్రం జపానుదైనా ఈ ఆటను కట్టినవాళ్లు మాన్‌స్టర్ గేమ్స్ వారు. వాళ్లది ఇదే రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్. “మనవాళ్లే తాతయ్యా” అని వాడికి గర్వం. మూడు నెలలకని వచ్చిన నాకూ కాస్త అంటింది.

ఆటలో మనది పెద్ద చక్రాల ట్రక్కు. ఫిజీ, మెక్సికో, స్కాట్లండ్, చైనా, కెనడా, ఫిన్లండ్ అంటూ దేశాలు మారతాయి. దారి ఉంటుంది గానీ దాని మీదే పోవాలన్న నియమం లేదు. రిమోటును అడ్డంగా, కాల్చిన మొక్కజొన్న పొత్తును పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకోవాలి. కుడి బొటనవేలు నొక్కితే బండి పోతుంది. ఎడమ బొటనవేలు నొక్కితే టర్బో, అంటే బండికి పూనకం. స్టీరింగు వేరే లేదు. పొత్తు ఎటు ఒరిగితే బండి అటు.

ఆ పొత్తు నా చేతిలో ఉండగా, సోఫాలో నా పక్కన కూర్చుని, నన్నుద్దేశించి ఆశువుగా చెప్పిన పద్యమిది. కనుక దీనికి వ్యాఖ్య రాసే అధికారం నాకే ఉంది.

ప్రతిపదార్థం: చేయి = పొత్తును పట్టిన రెండు చేతులూ (జాత్యేకవచనం); వంచు = పోదలచిన వైపు కొద్దిగా ఒరిగించు; చాలు = అంతకుమించి చేసిన ప్రతిదీ అనర్థమే; శిరమును = తలను (ఉపలక్షణం చేత మెడ, భుజాలు, నడుము, పక్కవారి ఒళ్లో పడే యావత్తు దేహమూ); వంచకు = ఇది నిషేధం. దీన్ని నేను ఒక్కసారీ పాటించలేకపోయాను.

“చేయి” అన్నచోట చిన్న విశేషం. రిమోటుకు మణికట్టు తాడు ఉంటుంది. మనవడు ఆట మొదలుపెట్టే ముందు దాన్ని నా చేతికి కంకణం కట్టినంత శ్రద్ధగా తొడిగేవాడు. శ్రద్ధకు కారణం ఉంది. జనం ఊపిన ఊపుకు తాళ్లు తెగి రిమోట్లు ఎగిరిపోతున్నాయని, 2006 డిసెంబరులో కంపెనీవారు 0.6 మిల్లీమీటర్ల తాడు బదులు ఒక మిల్లీమీటరు తాడు ఇస్తామని ప్రకటించారు. దాదాపు 32 లక్షల తాళ్లు! కంకణానికి ఇంత చరిత్ర ఉందని తెలిశాక నేనూ మారుమాట్లాడకుండా చెయ్యి చాచాను.

శంక: చేయి దేహంలో భాగమే కదా. దేహం వంగితే చేయీ వంగుతుంది. అలాంటప్పుడు శిరస్సును వంచవద్దనడం ఎందుకు? పుణ్యం రాకపోతే పోనీ, పాపమేముంది?

సమాధానం: ఉంది. రిమోటు కడుపులో యాక్సిలరోమీటర్ అనే చిప్పు ఒకటి ఉంది. అందులో సిలికాన్ స్ప్రింగుల మీద కంటికానని బరువొకటి వేలాడుతుంటుంది. భూమి తనను ఎటు లాగుతోందో ఆ బరువు కదలికను బట్టి చిప్పు మూడు దిశల్లో లెక్కగడుతుంది. పొత్తు ఒరిగితే ఆ లెక్క మారుతుంది, బండి తిరుగుతుంది. ఇంతే దాని జ్ఞానం. అది కొలిచే దైవం భూమ్యాకర్షణ ఒక్కటే. ఆడేవాడి తల ఎక్కడుంది, ముఖం ఎటుంది, మనసులో ఎటు పోవాలనుకుంటున్నాడు అన్నవి దానికి అగోచరాలు. పొత్తును ఎటూ ఒరగనివ్వకుండా పట్టుకుని గానుగెద్దులా హాలంతా చుట్టి వచ్చినా ఫిజీలో బండి తిన్నగానే పోతుంది. నేను చుట్టలేదు గానీ ఒకసారి సోఫాలో పూర్తిగా పక్కకు తిరిగి చూశాను. బండి తిన్నగా వెళ్లి చెట్టుకు తగిలింది. అలా తిరగడాన్ని కూడా పసిగట్టాలంటే జైరోస్కోపు కావాలి. అది 2009లో మోషన్‌ప్లస్ పేరుతో రిమోటుకు తోకలా వచ్చి చేరింది. మా పద్యం దానికి పూర్వపుది.

ఇక పాపం సంగతి. తల వంగితే భుజం వంగుతుంది, భుజం వెంట మోచేయి, మోచేయి వెంట మణికట్టు. చేయి తనంతట తాను ఒరిగిన దానికి, దేహం ఒరిగిన ఒరుగు వచ్చి కలుస్తుంది. మనం ఇంత మలుపు అడిగితే బండికి అంతకు రెట్టింపు అందుతుంది. ట్రక్కు కుడివైపు అడవిలో దూరుతుంది. కంగారుపడి ఎడమకు పడతాం, దేహమూ వెంటే పడుతుంది. ఈసారి ఎడమవైపు అడవి. అంటే కవి శిరస్సు వంచడాన్ని దండగ గనుక వద్దనలేదు, చేటు గనుక వద్దన్నాడు. “చాలు” అన్న పదం ఇక్కడ పాదపూరణం కాదు, పద్యానికి ప్రాణం. ఈ ఒక్క విషయంలో ఆయన ప్రజ్ఞను ఒప్పుకుంటున్నాను.

మరి మనిషి ఎందుకు వంగుతాడు? తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో మలుపు మలుపుకూ యాభైమంది యాత్రికులు ఒక్కసారిగా ఒరగడం చూసే ఉంటారు. అక్కడ బస్సు వాళ్లను ఒరిగిస్తుంది. ఇక్కడ సోఫా కదలదు, హాలు కదలదు, అయినా ఒరుగుతాం. క్యారమ్స్ ఆడేటప్పుడు స్ట్రైకర్ వేలు దాటిపోయాక, కాయిన్ రంధ్రం వైపు పోతున్నంతసేపూ మెడ అటే వంచుతామే, అదీ ఇదే జాతి. చేయి విడిచిన పనిని మెడ పూర్తిచేస్తుందని మనకొక నమ్మకం. ఆ మూఢనమ్మకానికి జీవితంలో మొదటిసారి ఫలం కనిపించింది ఈ ఆటలోనే. మెడ వంచితే బండి నిజంగానే కదులుతోంది, కాకపోతే అడవిలోకి.

పాఠాంతరం: “నడుమును వంచకు” అని ఉండాలని నా వాదం. వంగింది నా నడుము. సాక్షి మనవడు. వియ్యంకులు ఒప్పుకోలేదు. “చే కి శి యతి చక్కగా కుదిరింది బావగారూ, మీ నడుము కోసం యతి చెడగొట్టలేను” అన్నారు. నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని, యతిభంగానికి ఓటెయ్యలేక ఊరుకున్నాను.

రెండు మూడు పాదాలకు అన్వయం ఒక్కటే. గుట్ట అంచున టర్బో నొక్కితే ట్రక్కు ఆకాశానికి లేస్తుంది. అక్కడ పొత్తును ముందుకూ వెనక్కూ వంచి బండి ముక్కును సరిచూసుకోవాలి. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకితే బండికి కొత్త వేగం వస్తుంది. ముక్కు ముందు తాకితే వచ్చేది అవమానం. “చక్రాలు” అనక “కాళ్లు” అన్నారేమిటని అడిగాను. నేల మీద దొర్లినంతసేపే చక్రాలట, గాలిలో వేలాడుతున్నప్పుడు అవి పిల్లి కాళ్లట. బాగుంది. “జాగ్రత్త” మాత్రం తగణం కోసం వేశారని నా అనుమానం. ఆయన చూపు మాత్రం ఆ మాట నాకోసమే వేశానన్నట్టుంది.

ఇంకో మెలిక ఉంది. ఈ ఆటలో ముందు చేరినంత మాత్రాన చాలదు, నక్షత్రాలు పోగెయ్యాలి. ఎక్కువసేపు గాలిలో ఉంటే నక్షత్రాలు, పక్కకు జారుతూ మలుపు తీసుకుంటే నక్షత్రాలు, చెట్ల మధ్యనుంచి ఒక్కదానికీ తగలకుండా దూసుకుపోతే నక్షత్రాలు. అడ్డదారికి మార్కులు వేసే ఈ పద్ధతి, పదో తరగతి పేపర్లు దిద్దిన చేతులకు కొరుకుడు పడలేదు.

నేపథ్య సంగీతం గురించి రెండు మాటలు. ఎస్‌డీ కార్డులో మన పాటలు వేసి పెడితే ఆట నడిచేటప్పుడు అవే మోగుతాయి. వియ్యంకులు మోజుపడి మనవడి చేత ఘంటసాల భగవద్గీత పెట్టించారు. సారథి చెప్పిన శాస్త్రం గనుక బండి తోలేవాడికి ఔచిత్యమే అన్నారు. పసిపిల్ల లేస్తుందని శబ్దం తగ్గించి, ఫిజీ ఇసుకలో శ్లోకం వింటూ నేను చెట్లను గుద్దుతూ పోయాను. గదిలోంచి మా ఆవిడ తల బయటపెట్టి, “అదేం పాటండీ, పురిటింట్లో” అంది. నిజమే. మా ఊళ్లో ఘంటసాల గీత పాడుకుంటూ వెళ్లే బండి ఒక్కటే, దాంట్లో ఎక్కినవాడు తిరిగి దిగడు. మరునాటి నుంచి మాయాబజార్ పాటలు పెట్టారు.

నాలుగో పాదం: నీరు = వాగు, ఏరు, సముద్రపు ఒడ్డు; కనిన = కంటబడినంతనే; బండి = ట్రక్కు; నిలుపవలదు = ఆపకూడదు.

దీనికి సంప్రదాయం పాతది. ఈ ఆటకు తాత 1984 నాటి ఎక్సైట్‌బైక్. అందులోనూ టర్బో అదేపనిగా వాడితే ఇంజను వేడెక్కి బండి చతికిలబడేది. ట్రక్కుకు ఆ గుణం వంశపారంపర్యంగా వచ్చింది. అయితే దీనికొక వరం ఉంది. చక్రాలు నీళ్లలో ఉన్నంతసేపూ ఇంజను చల్లబడుతుంది, పూనకం ఎంతసేపైనా పట్టొచ్చు. కాబట్టి ఆరితేరినవాళ్లు వాగు కనబడితే వెతుక్కుంటూ పోయి దిగుతారు.

నాకు ఈ రహస్యం ఎవరూ చెప్పలేదు. వాగు పొంగితే బస్సు ఒడ్డున ఆగిపోవడం, డ్రైవరు దిగి చూడటం, ఎవరో కర్ర గుచ్చి లోతు చెప్పడం, అవతలి ఒడ్డున మరో బస్సు నిలబడి ఉండటం చూస్తూ పెరిగినవాణ్ని. ఫిజీలో మొదటిసారి నీళ్లు కనబడగానే నా కుడి బొటనవేలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. ట్రక్కు ఒడ్డున మర్యాదగా ఆగింది. మిగతా బళ్లు నా పక్కనుంచి నీళ్లు చిమ్ముకుంటూ దాటిపోయాయి. మనవడు నా మొహం వంకా టీవీ వంకా చూశాడు.

“ఎందుకాపావు తాతయ్యా?”

“లోతు చూస్తున్నాన్రా” అన్నాను.

వియ్యంకులు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. పద్యంలో ముందు పుట్టింది ఈ నాలుగో పాదమే.